ఇంటర్ తర్వాత టెక్సాస్‌లో డిగ్రీ: ఓరియంటేషన్, మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఎలా చేసుకోవాలి

ఇంటర్ అవ్వగానే అమెరికాలో బ్యాచిలర్స్‌కి వెళ్లే పిల్లలకి వీసా దాకా సలహాలిచ్చేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. స్టాంపు పడ్డాక ఎవరూ పలకరు. క్లాసులు మొదలయ్యే నాటికి మీ డిగ్రీకి పనికొచ్చే కోర్సులు, 12 క్రెడిట్లకు తగ్గకుండా మీ పేరు మీద ఉండాలి. క్రెడిట్ అంటే వారానికి దాదాపు ఒక గంట క్లాసు లెక్క. ఇక్కడ చెప్పేది టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల పద్ధతి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో చుట్టాలో స్నేహితులో ఉన్నారని పిల్లల్ని అటు పంపే ఇళ్లు మనలో ఎక్కువ. వేరే రాష్ట్రానికి వెళ్తుంటే చరిత్ర, గవర్నమెంట్ కోర్సుల సంగతి, టీకా గడువులు, డ్రాప్ నియమాలు మారతాయి. వీసాకి సంబంధించిన నియమాలు మాత్రం దేశమంతా ఒకటే.

రిజిస్ట్రేషన్ పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు సాఫీగా గడవాలంటే రెండు నెలల ముందు నుంచే కాగితాలు కదలాలి.

1. ముందు హోల్డులు తీయించుకోండి

స్టూడెంట్ పోర్టల్‌లో 'హోల్డ్స్' అనే చోట ఏముందో చూడండి. హోల్డు అంటే తాళం. ఒక్కటి మిగిలినా కోర్సు చేర్చనివ్వదు. కొత్తగా చేరేవాళ్లకి మామూలుగా టీకాలు, ఫైనల్ మార్కులు, ఓరియంటేషన్ (కొత్తవాళ్ల పరిచయ కార్యక్రమం), అడ్వైజింగ్ (ఏ కోర్సులు తీసుకోవాలో చెప్పే సలహా సమావేశం), ఇంటర్నేషనల్ చెక్-ఇన్ (విదేశీ విద్యార్థులు వచ్చినట్టు నమోదు) పేర్లతో ఉంటాయి. చివరి మూడూ వాటి సమయం వచ్చినప్పుడు పోతాయి. మొదటి రెండూ మీరు ఇండియాలో ఉండగానే తీరిపోవాలి.

టీకాల్లో మెనింజైటిస్‌ది (మెదడు పొరల వాపు) పెద్ద పేచీ. టెక్సాస్ చట్టం ప్రకారం 22 ఏళ్లలోపు వయసుతో కొత్తగా చేరే విద్యార్థి, సెమిస్టర్ మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు ఆ టీకా వేయించుకుని ఉండాలి. అది గడిచిన అయిదేళ్ల లోపుదై ఉండాలి. అక్కడికి వెళ్లాక వేయించుకుందాం అనుకుంటే ఆ పది రోజులూ మీ చేతిలో ఉండవు. ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులూ చాలా యూనివర్సిటీలు అడుగుతాయి. రెండింటికీ మధ్య 28 రోజులు ఉండాలి కాబట్టి చిన్నప్పటి టీకా కార్డు కనపడకపోతే మే నెలలోనే మొదలుపెట్టండి. క్షయ పరీక్ష అడిగితే చర్మం మీద చేసేది కాకుండా 'ఇగ్రా' అనే రక్తపరీక్ష చేయించండి. మన పిల్లలకి పుట్టగానే వేసే బీసీజీ వల్ల చర్మపరీక్ష ఉత్తపుణ్యానికి పాజిటివ్ చూపించవచ్చు. రక్తపరీక్షకి ఆ గొడవ లేదు.

డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్‌లో తేదీ 08/07 అని ఉంటే, మనకది జులై 8. అక్కడివాళ్లు దాన్ని ఆగస్టు 7 అని చదువుతారు. ఇంకా రాని తేదీన టీకా ఎలా వేశారని కాగితం తిప్పి పంపుతారు. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయమనండి.

మార్కుల విషయానికొస్తే, వెబ్‌సైట్ నుంచి దింపుకున్న షార్ట్ మెమోతో అడ్మిషన్ వచ్చినా హోల్డు పోవాలంటే బోర్డు ఇచ్చిన అసలు మెమో కావాలి. కొన్నిచోట్ల సీల్డ్ కవరు అడుగుతారు, కొన్నిచోట్ల మార్కుల్ని అమెరికన్ పద్ధతికి మార్చి చూపించే ఏజెన్సీ నివేదిక అడుగుతారు. ఏది కావాలో ఈమెయిల్‌లో అడిగి, వాళ్ల జవాబు దాచుకోండి. మెమో తెప్పించడానికి కాలేజీ చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడు జూన్‌లోనే కానివ్వండి.

లాగిన్ దగ్గరా ఒక చిక్కుంది. పోర్టల్‌లోకి వెళ్లాలంటే ఫోన్‌కి వచ్చే రెండో ధృవీకరణ కావాలి. అది మీ ఇండియా సిమ్‌కి కట్టి ఉంటే, అక్కడ దిగి సిమ్ మార్చగానే బయట నిలబడతారు. బయలుదేరే ముందే యాప్ పద్ధతికి మారి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి వీసాలో పేరు మొత్తం ఇంటిపేరు చోటికి వెళ్లి, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. చెక్-ఇన్ బల్ల దగ్గర మీ పేరు లిస్టులో లేదంటే కంగారుపడకండి, ఆ మూడక్షరాల కింద వెతకమనండి. రోజువారీ పిలుపుకి పోర్టల్‌లో 'ప్రిఫర్డ్ నేమ్' గడి ఉంటుంది.

2. లెక్కల ప్లేస్‌మెంట్ పరీక్షని తేలిగ్గా తీసుకోవద్దు

కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ వైపు వెళ్లేవాళ్లకి మొదటి సెమిస్టర్‌లో కాలిక్యులస్-1 దొరకడమే అసలు విషయం. అందులో కూర్చోనివ్వాలా వద్దా అన్నది ప్లేస్‌మెంట్ పరీక్ష తేలుస్తుంది. చాలాచోట్ల అది 'అలెక్స్' అనే ఆన్‌లైన్ పరీక్ష. ప్రశ్నలు 30 లోపే, స్కోరు 100కి.

ఎంపీసీ చదివి ఎప్‌సెట్ రాసొచ్చినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఇంటిగ్రేషన్ దాకా చేశాం కదా అన్న ధీమాతో కూర్చుంటారు. పరీక్ష అడిగేది ఇంటిగ్రేషన్ కాదు, దానికి కింది మెట్లు: భిన్నాలు, ఘాతాంకాలు, లాగరిథమ్‌లు, ప్రమేయాల గ్రాఫులు, త్రికోణమితి. పైగా చాలా ప్రశ్నలకి నాలుగు ఆప్షన్లుండవు. జవాబు మీరే టైప్ చేయాలి. ఆప్షన్లు ఒక్కొక్కటీ పెట్టి చూసి తేల్చే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. మొదటిసారి స్కోరు తగ్గితే యూనివర్సిటీ మళ్లీ రాయనిస్తుందేమో చూడండి. మధ్యలో అందులోనే ఉండే పాఠాలు చేసుకోవచ్చు. అందుకే మొదటి ప్రయత్నం ఓరియంటేషన్‌కి మూడు వారాల ముందు పెట్టుకోవాలి, ముందురోజు రాత్రి కాదు.

స్కోరు చాలకపోతే ప్రీకాలిక్యులస్‌లో పడతారు. అప్పుడు కాలిక్యులస్-1 జనవరికి, కాలిక్యులస్-2 ఆ మరుసటి ఆగస్టుకి జరుగుతాయి. ఇంజనీరింగ్ ఫిజిక్స్‌కి కాలిక్యులస్ ముందుండాలి కాబట్టి అదీ వెనక్కి పోతుంది, దాని మీద ఆధారపడ్డ రెండో ఏడాది కోర్సులూ జరుగుతాయి. గంటన్నర పరీక్షకి ఒక సెమిస్టర్ ఫీజు బలి.

ఇంటర్ మార్కులకి కాలిక్యులస్ క్రెడిట్ మామూలుగా ఇవ్వరు. 'క్లెప్' అనే కాలేజీ క్రెడిట్ పరీక్షకో, డిపార్ట్‌మెంట్ పెట్టే పరీక్షకో క్రెడిట్ ఇస్తారేమో అడగొచ్చు. కానీ 95 శాతం మార్కులున్నా కాలిక్యులస్-1 కూర్చోవడమే మంచిది. తెలిసిన పాఠం మీద కొత్త దేశం, కొత్త యాస, కొత్త పరీక్షా పద్ధతి అలవాటవుతాయి. గ్రేడూ బాగా వస్తుంది.

దీనికి తోడు టెక్సాస్‌కి 'టీఎస్ఐ' అనే సొంత నిబంధన ఉంది. చదవడం, రాయడం, లెక్కల్లో కాలేజీ స్థాయి ఉందని చూపించాలి. శాట్‌లో ఇంగ్లిష్‌కి 480, లెక్కలకి 530 ఉంటే మినహాయింపు. శాట్ లేకుండా అడ్మిషన్ తెచ్చుకున్నవాళ్లు టీఎస్ఐ పరీక్ష రాయాలా అని ముందే అడగండి.

3. ఓరియంటేషన్లు రెండు

ఒకటి మొదటి ఏడాది విద్యార్థులందరికీ. జూన్, జులైల్లో బ్యాచులుగా జరుగుతుంది, విదేశాల నుంచి వచ్చేవాళ్లకి చాలాచోట్ల ఆన్‌లైన్‌లో ఉంటుంది. రెండోది అంతర్జాతీయ విద్యార్థులకి, క్లాసులకి వారం పది రోజుల ముందు క్యాంపస్‌లో. మొదటిది అయితేనే అడ్వైజర్ హోల్డు తీస్తారు, కోర్సులు పెట్టుకోగలుగుతారు. రెండోది ఇమిగ్రేషన్ చెక్-ఇన్ కోసం. ఎగ్గొట్టడానికి లేదు.

ఆన్‌లైన్ బ్యాచుల్లో అన్నిటికంటే ముందు ఏది దొరికితే అది తీసుకోండి. 'ఎలాగూ ఆగస్టులో వెళ్తాం కదా, అక్కడే చూసుకుందాం' అనుకున్నవాళ్లకి మిగిలేది పొద్దున్న 8 గంటల సెక్షన్లు (ఒకే కోర్సుని వేర్వేరు సమయాల్లో నడిపే బ్యాచులు), రాత్రి 7 గంటల ల్యాబులు. వేసవిలో టెక్సాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ పొద్దున్న 8 అంటే ఇక్కడ సాయంత్రం 6:30. వాళ్ల మధ్యాహ్నం 2 గంటల సెషన్ మనకి అర్ధరాత్రి దాటాక 12:30, అంటే తేదీ కూడా మారుతుంది. క్యాలెండర్‌లో తప్పు రోజు రాసుకుని సెషన్ పోగొట్టుకోవడం ఏటా ఉండేదే.

ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం)లో ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే దేశంలోకి రానిస్తారు. చెక్-ఇన్‌కి అయిదారు రోజుల ముందు దిగేలా టికెట్ చూసుకోండి. జెట్‌లాగ్‌తో ఊగుతూ వెళ్తే సంతకాల చోట సగం చదవకుండా పెట్టేస్తారు.

చెక్-ఇన్ రోజు బ్యాగులో ఇవి ఉండాలి: పాస్‌పోర్ట్, వీసా పేజీ, ఐ-20, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు, టీకా కాగితాలు, ఇంటర్ అసలు మెమో, మీరుండే ఇంటి పూర్తి చిరునామా. ఇవన్నీ విమానంలో చేతిసంచిలోనే తెచ్చుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో కాదు. ఐ-94 మీరు దిగాక సరిహద్దు శాఖ వెబ్‌సైట్‌లో వస్తుంది. దింపుకుని పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా, వీసా తరగతి ఎఫ్-1 (విద్యార్థి వీసా) అని పడిందా చూడండి. తప్పుంటే యూనివర్సిటీలో మీ ఇమిగ్రేషన్ కాగితాలు చూసే డీఎస్ఓకి ఆ రోజే చెప్పండి.

4. అడ్వైజర్‌తో ఇరవై నిమిషాలు

ఓరియంటేషన్‌లో పాటలు, ఆటలు, క్యాంపస్ చూపించడం చాలానే ఉంటాయి. వాటిలో ఏది వదిలేసినా ఫర్వాలేదు. అడ్వైజర్ అపాయింట్‌మెంట్ మాత్రం వదలకండి. ఖాళీ చేతుల్తో వెళ్తే ఆయనో ఆమో తయారుగా పెట్టుకున్న లిస్టు మీ చేతికిచ్చి పంపేస్తారు. మీరు ముందే డిగ్రీ ప్లాన్ దింపుకుని, మొదటి సెమిస్టర్ కోర్సులకి గీత పెట్టుకుని వెళ్లండి. అడగాల్సినవి: నా క్యాటలాగ్ సంవత్సరం (నా డిగ్రీకి ఏ ఏడాది నియమాలు వర్తిస్తాయి) ఏది? ఏ కోర్సు వాయిదా వేస్తే తర్వాతవి ఆగిపోతాయి? వీటిలో జనవరిలో దొరకనివేవి? నా ప్లేస్‌మెంట్ స్కోరు మీ స్క్రీన్ మీద కనిపిస్తోందా?

ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, స్కోరు వచ్చినా అది రిజిస్ట్రేషన్ వ్యవస్థలోకి చేరకపోతే కాలిక్యులస్ నొక్కినప్పుడు 'ప్రీరిక్విజిట్ (ముందు ఉండాల్సిన అర్హత) లేదు' అని తిప్పికొడుతుంది.

అమ్మానాన్నలకి ఒక మాట. ఇక్కడి కాలేజీకి ఫోన్ చేసి 'మావాడి అటెండెన్స్ ఎంత' అని అడిగినట్టు అక్కడ అడిగితే జవాబు రాదు. కాలేజీలో చేరాక చదువు వివరాల మీద హక్కు విద్యార్థిదే, వయసుతో పని లేదు. 'ఫెర్పా' అనే సమాఖ్య చట్టం అది. విద్యార్థి పోర్టల్‌లో అనుమతి ఇస్తే మాట్లాడతారు. ఫీజు కట్టడానికి అమ్మనో నాన్ననో 'ఆథరైజ్డ్ యూజర్'గా చేర్చుకోవడం వేరే పని, అదీ పిల్లలే చేయాలి.

5. ఏవి, ఎన్ని

డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు, నాలుగేళ్లలో ఎనిమిది సెమిస్టర్లు, అంటే సగటున 15. ఎఫ్-1 వీసాకి సెమిస్టర్‌కి కనీసం 12. మొదటి సెమిస్టర్‌కి 13 నుంచి 15 మధ్య సరిపోతుంది. సరిగ్గా 12 పెట్టుకుంటే ఏ ఒక్కటీ వదలడానికి వీలుండదు. 18 పెట్టుకుంటే నిద్ర ఉండదు.

కోర్సు నంబరు చదవడం నేర్చుకోండి. టెక్సాస్‌లో చాలా యూనివర్సిటీలు నాలుగంకెలు వాడతాయి: మొదటిది స్థాయి, రెండోది క్రెడిట్లు. ఇంగ్లిష్ 1301 అంటే మొదటి ఏడాది స్థాయి, 3 క్రెడిట్లు. మ్యాథ్ 2413 అంటే కాలిక్యులస్-1, 4 క్రెడిట్లు. యూటీ ఆస్టిన్‌లో మూడే అంకెలు, అక్కడ మొదటి అంకె క్రెడిట్లు చెబుతుంది.

కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి మొదటి సెమిస్టర్ ఇలా ఉండొచ్చు: కాలిక్యులస్-1కి 4, మొదటి ప్రోగ్రామింగ్ కోర్సుకి 3 లేదా 4, ఇంగ్లిష్ కాంపోజిషన్‌కి (వ్యాసరచన) 3, కోర్‌లోంచి ఒకటి 3, మొదటి ఏడాది సెమినార్ ఉంటే 1. మొత్తం 13 నుంచి 15.

ఈ 'కోర్' అన్నది టెక్సాస్‌లో 42 క్రెడిట్ల మూట. అందులో అమెరికా చరిత్ర 6, గవర్నమెంట్ 6 తప్పనిసరి. ఇంజనీరింగ్ అయినా, హైదరాబాద్ నుంచి వచ్చినా మినహాయింపు లేదు. 'ఈ చరిత్ర నాకెందుకు' అని చివరి ఏడాదిదాకా దాటవేసేవాళ్లుంటారు. అది వేరే తలనొప్పి. మొదటి సెమిస్టర్‌లో మాత్రం చరిత్ర, కాంపోజిషన్ ఒకేసారి పెట్టుకోకండి. రెండూ వారానికి పదుల పేజీలు చదివించి, వ్యాసాలు రాయించేవే. కోర్ కోసం కళల కోర్సో, ఆర్థికశాస్త్రమో చూడండి.

ఆన్‌లైన్ కోర్సుల లెక్క జాగ్రత్త. వీసాకి కావాల్సిన 12లో పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, 3 క్రెడిట్ల దాకా మాత్రమే లెక్కలోకి వస్తుంది. అంటే 9 క్రెడిట్లు తరగతి గదిలో కూర్చునేవై ఉండాలి. 12లో రెండు ఆన్‌లైన్‌వి పెట్టుకుంటే పోర్టల్ ఏమీ అనదు, ఎర్రగీత రాదు. వీసా లెక్కలో మాత్రం తగ్గినట్టే. సెక్షన్ పక్కన ఉండే 'ఇన్‌స్ట్రక్షన్ మోడ్' చూశాకే బటన్ నొక్కండి.

6. స్క్రీన్ ముందు

వారం పట్టికలో ఎమ్ సోమవారం, టి మంగళవారం, డబ్ల్యూ బుధవారం, ఎఫ్ శుక్రవారం. గురువారానికి ఆర్. టీఆర్ అని కనిపిస్తే మంగళ, గురు.

కాలిక్యులస్ సెక్షన్ ఒకటి ఎంచుకున్నారనుకోండి: సోమ, బుధ 10:00 నుంచి 11:15. బాగానే ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో జతగా ఒక ప్రాబ్లం సెక్షన్ (లెక్కలు చేయించే క్లాసు) ఉంటుంది, శుక్రవారం 1:00 నుంచి 2:50. మీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ శుక్రవారం 2:00కి ఉంటే రెండూ కలిసి కుదరవు. తీసుకునే క్షణందాకా ఇది కనపడదు, తీరా నొక్కాక 'టైమ్ కాన్‌ఫ్లిక్ట్' అంటుంది. అందుకే ముందురోజు కాగితం మీద అయిదు రోజుల గళ్లు గీసి, లెక్చర్లతో పాటు ల్యాబులూ ప్రాబ్లం సెక్షన్లూ నింపండి. ఒక్కో కోర్సుకి రెండు ప్రత్యామ్నాయ సెక్షన్లు పక్కన రాసుకోండి. ముందు ఏవి నొక్కాలో వరుస కూడా: సీట్లు తక్కువున్నవి, ల్యాబు జతగా ఉన్నవి ముందు. కాంపోజిషన్‌కి సెక్షన్లు బోలెడుంటాయి, అది ఆఖర్న.

చాలా పోర్టళ్లలో 'షాపింగ్ కార్ట్' ఉంటుంది. కార్ట్‌లో వేస్తే సీటు మీదైనట్టు కాదు. 'ఎన్‌రోల్' నొక్కి, ఒక్కో కోర్సు పక్కనా పచ్చ టిక్కు పడాలి. ఎర్ర గుర్తు పడితే దాని పక్క వాక్యం చదవండి, కారణం అక్కడే ఉంటుంది. అంతా అయ్యాక 'మై క్లాసెస్' తెరిచి, మొత్తం క్రెడిట్లు కూడి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. కార్ట్‌లో పెట్టి, అయిపోయిందనుకుని విమానం ఎక్కినవాళ్లకి దిగాక ఒక్క కోర్సూ ఉండదు.

సెక్షన్ నిండితే వెయిట్‌లిస్ట్. కొన్ని వ్యవస్థలు ఖాళీ రాగానే వాటంతటవే చేరుస్తాయి. కొన్ని ఈమెయిల్ పంపి కొద్ది గంటల గడువిస్తాయి, చాలాచోట్ల 24 గంటలు. ఆ ఈమెయిల్ యూనివర్సిటీ ఐడీకే వస్తుంది, మీ జీమెయిల్‌కి కాదు. వెయిట్‌లిస్ట్‌లో ఉన్న క్రెడిట్లు మీ 12లోకి రావు.

7. ఫీజు, ఆపై మొదటి 12 రోజులు

గడువులోగా ఫీజు కట్టకపోతే కష్టపడి పెట్టుకున్న షెడ్యూల్ మొత్తం చెరిపేస్తారు. ఇండియా బ్యాంకు నుంచి డబ్బు చేరడానికి కొన్ని పనిదినాలు పడుతుంది, మధ్యలో మన సెలవులు, వాళ్ల సెలవులు. గడువుకి పది రోజుల ముందే పంపండి. స్టూడెంట్ ఐడీ రాయకుండా పంపిన డబ్బు ఎవరిదో తేలక ఆగిపోతుంది. ఆరోగ్య బీమా బిల్లులో దానంతటదే పడి ఉండొచ్చు. బయట తీసుకున్నది ఉంటే, వాళ్లు ఒప్పుకుంటారేమో చూసి వేవర్ (బిల్లులోంచి ఆ బీమా తీసేయమనే దరఖాస్తు) గడువులోగా పెట్టాలి.

క్లాసులు మొదలయ్యాక టెక్సాస్‌లో గుర్తుంచుకోవాల్సింది క్లాసులు జరిగే రోజుల్లో 12వది. దాన్ని సెన్సస్ డే అంటారు. అప్పటిదాకా వేరే కోర్సుల్లో ఉంటూనే ఒకటి వదిలితే దాని ఫీజు తిరిగొస్తుంది, ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆనవాలుండదు. ఆ తర్వాత వదిలితే 'డబ్ల్యూ' పడుతుంది, డిగ్రీ మొత్తంలో అనుమతించే ఆరు డ్రాపుల్లో ఒకటి ఖర్చయిపోతుంది. అన్నీ వదిలేసి వెళ్లిపోయేవాళ్ల లెక్క వేరు: మొదటి రోజుకి ముందైతే 100 శాతం, మొదటి అయిదు తరగతి రోజుల్లో 80, తర్వాతి అయిదింటిలో 70, ఆపై అయిదింటిలో 50, ఆ తర్వాతి అయిదింటిలో 25 శాతం ఫీజు తిరిగొస్తుంది.

ఏ కోర్సు వదిలినా 12 క్రెడిట్ల కింద పడుతుంటే ముందు డీఎస్ఓని కలవండి, తర్వాతే బటన్. మొదట్లో భాష ఇబ్బంది, అమెరికన్ బోధన అలవాటు కాకపోవడం, స్థాయికి మించిన కోర్సులో పడటం వంటి కారణాలకి తక్కువ క్రెడిట్లతో ఉండనిస్తారు. అప్పుడూ కనీసం 6 ఉండాలి, ఆ డిగ్రీ స్థాయిలో ఒక్కసారే, అదీ ముందస్తు అనుమతితో. వదిలేశాక వెళ్లి అడిగితే ఆయన చేయగలిగిందేమీ ఉండదు.

ప్రోగ్రాం మొదలైన 30 రోజుల్లో డీఎస్ఓ మీ రికార్డుని సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే రికార్డు వ్యవస్థ) రిజిస్టర్ చేయాలి. ఆయన చూసేది మూడు: మీరు చెక్-ఇన్ చేశారా, పూర్తి క్రెడిట్లున్నాయా, అమెరికా చిరునామా ఇచ్చారా. చిరునామా అంటే మీరు నిద్రపోయే ఇల్లు, మేనమామ ఇంటి పోస్టు డబ్బా కాదు. రూమ్ మారితే 10 రోజుల్లో పోర్టల్‌లో మార్చాలి. మూడో వారంలో ఒక చిన్న ఈమెయిల్ పెట్టి, రికార్డు 'యాక్టివ్' అయిందని జవాబు తెప్పించుకోండి. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికి సోషల్ సెక్యూరిటీ నంబరుకి వెళ్లినప్పుడు, అది యాక్టివ్ కాకపోతే అక్కడి కౌంటర్లో మీ అప్లికేషన్ కదలదు.